తెరకి ఇవతల

బంట్రోతు ఇంకా పిలవలేదు. పిల్ల మాత్రం అప్పుడే రెండుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చింది.

"మామ్మా, మళ్ళీ వస్తోంది" అంది.

"రానీ. కోర్టు ఎక్కడికీ పారిపోదు" అంటూ పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

చిన్నపిల్లలు సాక్ష్యం చెప్పడానికి వస్తే కూర్చోబెట్టే గది అది. గోడల మీద రంగు బొమ్మలు, బల్ల మీద మొన విరిగిన పెన్సిళ్ళు. పిల్ల వాటిని ముట్టుకోనేలేదు. ఒకప్పుడు వీధంతా దాన్ని వసపిట్ట అనేవాళ్ళు. ట్యూషన్ మాస్టారి మేడగదిలో ఆ సాయంత్రం జరిగినదాని తర్వాత, అడిగితే తప్ప నోరు విప్పడం లేదు.

ఆ సాయంత్రం గది తలుపు దబదబా బాది పిల్లని బయటికి లాక్కొచ్చింది పెద్దావిడే. పిల్ల తల్లికి కాళ్ళూ చేతులూ ఆడకపోతే, పోలీసు స్టేషనుకి ముందు నడిచిందీ ఆవిడే. కిందటి వాయిదాలో తన సాక్ష్యం తాను చెప్పేసింది కూడా.

ఇవాళ పిల్ల వంతు. తల్లి కూడా సాక్షే. తన వంతు వచ్చేదాకా ఆమె లోపలికి రాకూడదు. "మరి నీ పక్కన ఎవరు కూర్చోవాలమ్మా?" అని జడ్జిగారు అడిగితే, పిల్ల ఈవిడ వైపే వేలు చూపించింది. మాస్టారి లాయరు కుదరదంటే కుదరదన్నాడు. జడ్జిగారు పిల్ల మాటే విన్నారు.

పెద్దావిడ బాత్రూము బయట నిలబడి ఉంటే, మాస్టారి భార్య ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఇంకా మించిపోయింది లేదు. మీరు ఒక్క మాటంటే వాళ్ళు వెనక్కి తగ్గుతారు."

పెద్దావిడ బాత్రూము తలుపు వైపు తిరిగింది.

"కనీసం నా పిల్లల మొహమైనా చూడండి."

"చూశాను కాబట్టే వచ్చానమ్మా."

"అసలు మీకు మనసెలా ఒప్పింది?"

"ఒప్పలేదు" అంది పెద్దావిడ. "ఒప్పకపోయినా వచ్చాను."

"ఇక చచ్చినా మీ గుమ్మం తొక్కను" అని ఆమె విసవిసా వెళ్ళిపోయింది. పెద్దావిడ గోడకి చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుంది. పిల్ల బయటికొచ్చేసరికి మొహం తుడుచుకుని సిద్ధంగా ఉంది.

"ఆయన నన్ను చూస్తాడా మామ్మా?"

"మధ్యలో తెర కట్టారు. నీకు ఆయన కనబడడు, ఆయనకి నువ్వు కనబడవు. తెలియకపోతే తెలియదని చెప్పు. ఏడుపొస్తే ఏడువు. ఎవరూ ఏమీ అనరు."

బంట్రోతు కేక వినిపించింది.

లోపల కుర్చీ పెద్దది. పిల్ల కాళ్ళు నేలకి అందలేదు. సర్కారు లాయరు మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. పిల్ల ఆగుతూ, నీళ్ళు తాగుతూ, అంతా చెప్పింది. ఒకచోట వెక్కిళ్ళొచ్చాయి. జడ్జిగారు అవి తగ్గేదాకా ఆగారు.

తర్వాత మాస్టారి లాయరు లేచాడు. గొంతులో తేనె పూసుకున్నాడు.

"ఈ మాటలన్నీ నీకు ఎవరో నేర్పారు కదూ?"

"ఊఁ. మామ్మ నేర్పింది."

లాయరు మొహం చింకి చేటంత అయింది.

"ఏమని నేర్పింది?"

"తెలియకపోతే తెలియదని చెప్పమంది." పిల్ల తల పైకెత్తింది. "కానీ ఇది నాకు తెలుసు. మా మాస్టారే చేశాడు."

లాయరు కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఇంక అడిగేదేమీ లేదని కూర్చున్నాడు.

అంతలో తెర అవతలి నుంచి మాస్టారు "అమ్మా, నువ్వైనా వాళ్ళకి చెప్పవే!" అని బావురుమన్నాడు. పెద్దావిడ తన కడుపున పుట్టినవాడి వైపు తల తిప్పకుండా, పిల్ల చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.