నలభై దాటితే

"ఈ పథకం స్లాబు ఇళ్లకేనమ్మా. రేకుల ఇళ్లు ఇందులోకి రావు. ఎన్నిసార్లు చెప్పాలి?" విసుక్కున్నాడు వెంకటకృష్ణారావు. ఎండవేడి తగ్గేందుకు ఇళ్ల కప్పులకు ఉచితంగా తెల్లరంగు వేయించే పథకానికి ఆయనే ఆఫీసరు.

"ఏం సార్, ఎండ కూడా స్లాబుల మీదే పడుతోందా?" అంది అఫ్సా.

బెంజ్ సర్కిల్ దగ్గరి ఆ ఏసీ గదిలో గుమాస్తాలు తలలెత్తి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది. కాలవకట్ట మీద తన రేకుల ఇల్లు మధ్యాహ్నమయ్యేసరికి పెనంలా కాలిపోతుంది. మొన్న అత్త సొమ్మసిల్లి పడిపోయింది. పసిదానికి ఒళ్లంతా చెమటకాయలు. ఇవాళ అటో ఇటో తేల్చుకోనిదే కదలకూడదని వచ్చింది.

"రూల్సమ్మా! నేను పెట్టానా?"

"ఏసీలూ కార్లూ మేడలవాళ్లవి. చల్లబడే రంగూ వాళ్లకే. వేడి మాత్రం మాకా? ఇదెక్కడి న్యాయం సార్? వేడి కొలిచే మీటరుందిగా మీ దగ్గర, పట్టుకుని మా ఇంటికి రండి."

"ఈ ఎండలోనా?"

"ఎండ కొలవడానికి వెన్నెల్లో వస్తారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటకృష్ణారావుకు రోషం పొడుచుకొచ్చింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"సరే, పదమ్మా. మీ ఇంట్లో నలభై దాటితే వీధి మొత్తానికి రంగు వేయిస్తా, నాదీ పూచీ. దాటకపోతే మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు."

"అలాగే. మాట తప్పకండి."

గబగబా బయటికొచ్చి పక్కింటి శౌరమ్మకు ఫోను చేసింది. "పిన్నీ, ఆఫీసరుగారు మా ఇంటికే వస్తున్నారు! వీధిలో అందరికీ చెప్పు."

జీపులో కూడా ఆమె నోరు ఊరుకోలేదు. "ఏసీ ఆపించండి సార్, కాస్త అలవాటవుతుంది" అంది. ఆయన పళ్లు కొరుకుతూ ఆపించాడు.

కాలవకట్ట చేరేసరికి చొక్కా తడిసి ఆయన వీపుకు అంటుకుపోయింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. "ఇది బయటి వేడే సార్. అసలుది లోపలుంది, రండి" అని అఫ్సా తలుపు తోసింది.

లోపల అడుగుపెట్టగానే ఆమె తలెత్తి రేకుల వైపు చూసింది. ఇల్లు చల్లగా ఉంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా!" వెంకటకృష్ణారావు మీటరు తీసి చూశాడు. "ముప్పై నాలుగు. ఇంకేం కావాలి నీకు?"

"పిన్నీ! ఏం చేశారే?" అఫ్సా కేకేసింది.

శౌరమ్మ మజ్జిగ చెంబుతో ఎదురొచ్చింది. "భలేదానివే! అంత పెద్దాయన మొదటిసారి మన గడప తొక్కుతుంటే ఉడకబెడతామా? వీధిలోని గోనెసంచులన్నీ తడిపి నీ రేకుల మీద పరిచాం. తాగే నీళ్లు కూడా ఒంపేశాం!"

ఆఫీసరు మజ్జిగ గడగడా తాగేశాడు. "మీరేం పరిచారో నాకనవసరం. మాట మాటే. వస్తానమ్మా" అంటూ మీటరు సంచిలో పెట్టుకున్నాడు.

అఫ్సా తలుపు మూసి, గడియ పెట్టి, దానికి అడ్డంగా పీట వాల్చుకుని కూర్చుంది.

"ఇంటికొచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపిస్తే మా వీధికే తలవంపులు సార్. పిన్నీ, కూర తీరిగ్గా వండు. ఆ గోనెలు ఎండేదాకా సారుకేం తొందర లేదు!"