శుక్రవారపు కబురు

"పేరు చెప్పవయ్యా అమర్నాథ్. ఒక్క పేరే కదా!"

అచ్యుతరావు గొంతులో కోపం లేదు. అమర్నాథ్‌కు అదే భయంగా ఉంది. జెద్దాలో పొలాల పంపుసెట్లు అమ్మే ఆ కంపెనీకి ఆయన మేనేజరు. పోటీ కంపెనీ ఏ టెండరుకు ఎంత రేటు వేయబోతోందో ముందే పసిగట్టి చెప్పడం అమర్నాథ్ పని. గల్ఫ్ యుద్ధం ముగిశాక అతను చెప్పింది ఒక్కసారీ తప్పలేదు.

"కబురు తెచ్చే మనిషి పేరు అడగకూడదని రూలు పెట్టింది మీరే కదా సార్."

"అది అప్పుడు. రియాద్ మీద స్కడ్ మిసైళ్లు పడగానే మనవాళ్లు సగంమంది ఇంటికి పరిగెత్తారు. ఏ రైతుకి ఏ పంపు నప్పుతుందో, ఎవరితో ఎట్లా బేరమాడాలో, అంతా వాళ్ల బుర్రల్లోనే పోయింది. అందుకే మనకు వీసాలిచ్చిన కఫీల్ పట్టుబట్టాడు. ఎవరికి ఏం తెలుసో అంతా కంప్యూటర్లోకి ఎక్కాలంట. బయటి కబుర్లూ, అవి చెప్పేవాళ్లూ కూడా. రేపు నువ్వే లారీ కింద పడితే, నీ మనిషిని నేనెక్కడ వెతుక్కోను?"

అమర్నాథ్ నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు.

"అతను నాతో తప్ప మాట్లాడడు సార్."

"మాట్లాడిద్దాం. వాళ్ల కఫీల్ దగ్గర రిలీజ్ తీయించి మన దగ్గరికే తెచ్చుకుందాం. పెళ్లాం పిల్లల్ని కూడా పిలిపించుకోమను. అతనికి మాత్రం ఉండదా పాపం, ఆశ?"

అమర్నాథ్ తల దించుకున్నాడు.

"శనివారం పొద్దున్నకి చెప్పు. లేదంటే పాస్‌పోర్టులో ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేయమన్నాడు కఫీల్. ఇక నా చేతుల్లో లేదయ్యా."

మస్తాన్ వలీది ప్రొద్దుటూరు. పోటీ కంపెనీలో రేట్లు కట్టే పద్ధతంతా అతను అల్లినదే. వాళ్లు ఇప్పటికీ అదే నడుపుతున్నారు. ఊరుగాని ఊళ్లో అమర్నాథ్‌కు దొరికిన స్నేహం అదొక్కటే. ఆఫీసు రహస్యాలు ఇద్దరూ ఏనాడూ చెప్పుకోలేదు. ఆ అవసరమూ లేదు. బురైదా రైతు బేరమాడితే వలీ ఎంత దిగుతాడో, తబూక్ టెండరంటే ఎక్కడ మొండికేస్తాడో అమర్నాథ్‌కు తెలుసు. కళ్లు మూసుకుంటే చాలు, ఆ గొంతు వినబడుతుంది.

"ఏమప్పా, మీ అచ్యుతరావు మళ్లా నా రేటు కనుక్కోమన్నాడా? ఏం చాకిరీ అప్పా మీది! ముందు టీ తాపించు, మళ్లా చూద్దాం."

విన్నది విన్నట్టు అమర్నాథ్ రిపోర్టు రాసేవాడు. రాస్తున్నంతసేపూ గది ఖాళీగా అనిపించేది కాదు.

పేరు చెబితే ఆఫీసు వాళ్లు వలీ కోసం వెతుకుతారు. వెతికితే ఆ గొంతు ఆగిపోతుంది. చెప్పకపోతే తనే ఈ ఊరు వదలాలి. ఆపైన శుక్రవారాలు ఎవరితో?

ఆ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అమర్నాథ్ రెండు సులేమానీ టీలు కొన్నాడు. ఎప్పుడూ కూర్చునే గోడ నీడనే కూర్చున్నాడు. ఒక గ్లాసు పక్కన పెట్టాడు.

"వెళ్లిపోతున్నాను వలీ. నీ పేరు మాత్రం చెప్పను."

సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వీచింది.

"కోపమొచ్చిందా? ఏదైనా ఒక మాట అను. తిట్టినా సరే."

పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది. దాన్ని తీసి గోడ మొదట్లో మెల్లగా పోశాడు. ఇసుక పీల్చుకుంది.

గోడ అవతల, యుద్ధం మొదలైన వారంలో తవ్విన సమాధుల వరసలో, పేర్లు రాయని రాళ్లలో మస్తాన్ వలీది ఏ రాయో, అందరి ఆనుపానులూ తెలిసిన అమర్నాథ్‌కు ఈనాటికీ తెలియదు.