ఏడో నంబరు వినాయకుడు

వినాయకుడు ఒక్కడు, లారీలు రెండు. తెల్లారితే చవితి. ధూల్‌పేట్‌లో బుచ్చయ్య విగ్రహాల షెడ్డు ముందు రెండు మండపాలవాళ్లు తోసుకుంటున్నారు.

"ఏడో నంబరు మాది. వెబ్‌సైట్‌ల బుక్ చేసిన," అని బాలకిషన్ ఫోను చూపించాడు. రెండో లారీతో వచ్చినవాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఏడో నంబరు మనకే ఖాయమని వాళ్ల పెద్ద రామ్‌చందర్ చెప్పి పంపాడట, అంతే.

బుచ్చయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఏందిరా అభిషేక్, నీ వెబ్‌సైట్ ఒక్క దేవుణ్ని ఇద్దరికి ఇచ్చిందా?"

ఆ వెబ్‌సైట్ అభిషేక్ సొంతం. సొంతమంటే, వీడియోలు చూసి, ఫ్రేమ్‌వర్క్ అనే ఓ పెద్ద రెడీమేడ్ కోడ్‌లో చూసింది చూసినట్టు దించేశాడు. పాలిటెక్నిక్ చదివే చెల్లెలు సోనీ అప్పుడే మొత్తుకుంది, ప్రోగ్రామింగ్‌లో ఓనమాలైన ఇఫ్ అంటే ఏమిటో, లూప్ అంటే ఏమిటో తెలియకుండా అంత పెద్దదాని జోలికి పోవద్దని. అవన్నీ చిన్నపిల్లల పాఠాలని నవ్వేశాడు మహానుభావుడు. గల్లీలో పదకొండు షెడ్లవాళ్లు అతన్ని నమ్మి తమ విగ్రహాలు కూడా అందులోనే పెట్టారు.

అతను లాప్‌టాప్ తెరిచాడు. ఏడో నంబరుకు ఎదురుగా బాలకిషన్ పేరొక్కటే ఉంది. మరి రామ్‌చందర్ పేరేమైంది? ఒకదాని మీద ఇంకోటి పడి చెరిగిపోయిందా? లోపల చూస్తే వందల లైన్ల కోడ్. పెట్టింది తనే, ఒక్క లైనూ అర్థం కాదు. అందరూ అతని మొహమే చూస్తున్నారు.

"తప్పు నాదే," అన్నాడు.

లొల్లి చల్లారింది. ఏడో నంబరు బాలకిషన్ లారీ ఎక్కింది. పోరడు తెలియక చేసిండని బుచ్చయ్య రామ్‌చందర్ మనుషులకు దండం పెట్టి, వేరే విగ్రహం ఇచ్చి పంపాడు. సాయంత్రానికల్లా పదకొండు షెడ్లవాళ్లూ తమ బొమ్మలు తీసేయమన్నారు. అభిషేక్ వెబ్‌సైట్ మూసేశాడు. ఆ గల్లీలో తలెత్తుకోలేక చాలా రోజులు వెనక సందులోంచే తిరిగాడు. ముందు నేర్చుకోవలసింది ముందు నేర్చుకుని ఉంటే నాన్న అందరికీ దండాలు పెట్టేవాడా అని కుమిలిపోయాడు.

నిమజ్జనం అయిన మర్నాడు సిగ్గు విడిచి సోనీ పక్కన కూర్చున్నాడు. ఆమె ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టింది. ఇఫ్ దగ్గరే వారం పట్టింది. దీపావళి దగ్గరికొచ్చేసరికి చిన్న చిన్న ప్రోగ్రాములు ఎవరి సాయం లేకుండా రాయసాగాడు.

అప్పుడు పాత కోడ్ తెరిచాడు. ఎక్కడ తప్పు చేశాడో కళ్లారా చూసుకోవాలని లైను లైనూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. విగ్రహం ఇప్పటికే ఒకరి పేరున ఉంటే రెండోవాళ్లకు ఇవ్వొద్దని అక్కడ స్పష్టంగా ఉంది. నమ్మలేక వెబ్‌సైట్ నడిపి, ఒకే విగ్రహాన్ని రెండు పేర్ల మీద బుక్ చేసి చూశాడు. పదిసార్లు ప్రయత్నించినా రెండో పేరు ఎక్కలేదు.

గబగబా షెడ్డులోకి వెళ్లాడు. బుచ్చయ్య లక్ష్మీదేవి బొమ్మకు రంగు వేస్తున్నాడు.

"బాపు, వెబ్‌సైట్‌ల తప్పు లేదు. రామ్‌చందరన్న దాంట్ల బుక్కే చెయ్యలే."

బుచ్చయ్య కుంచె పక్కన పెట్టాడు.

"ఆయనకు నోటిమాట ఇచ్చింది నేనే బిడ్డా," అన్నాడు. "ఆ దినం నువ్వు లాప్‌టాప్ తెరిచినప్పుడు, అది నీకు చదవనొస్తదేమోనని మస్తు భయపడ్డ."