చూద్దాం

సీతారత్నం సంచిలో నాలుగు పంచెలూ, కందిపొడి సీసా సర్ది, తృప్తి లేక ఓ దుప్పటి కూడా కుక్కింది. భర్త పురుషోత్తం ఏడు వారాల రేడియేషన్‌కి పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండేళ్ళ కిందట ఆయనకి ఆపరేషన్ చేసి ప్రోస్టేట్ గ్రంథి తీసేశారు. పక్కనున్న లింఫు గ్రంథుల్లో రెండింటికి క్యాన్సర్ పాకిందని అప్పుడే తేలింది. "వైద్యం ఇప్పుడే మొదలుపెడదామా, కొన్నాళ్ళు చూద్దామా?" అని వంటింటి గోడ అడిగింది. డాక్టర్ల తరఫున గోడలే అడిగే రోజులవి. ఆయన పళ్ళు తోముకుంటూ "చూద్దాం" అన్నాడు. కుళాయి మరమ్మతుకైనా, కూతురి సంబంధానికైనా ఆయన చెప్పే మాట అదే. మళ్ళీ అడుగుతారులే అని వీళ్ళు ఊరుకున్నారు. చూడమన్నారు కదా అని గోడ చూస్తూ కూర్చుంది. వీధిలో మగవాళ్ళందరికీ లాగే ఆయన చేతి కడియం కూడా రోజూ రక్తం పరీక్షించి, క్యాన్సర్ జాడ ఎంతుందో అంకెలో చెప్పేది. ఈ నెల ఆ అంకె పెరిగింది.

"వైద్యం మొదలుపెడదామా?" అని గోడ మళ్ళీ అడిగింది.

పురుషోత్తం నోరు తెరిచాడు.

"ఆ మాట అన్నారో, ఈ సంచి మీ నెత్తిన పడేస్తా!" అంది సీతారత్నం.

"ఏడు వారాలు అక్కడ నన్ను తిట్టేదెవరే?"

"కడియానికి నేర్పి పంపిస్తాలెండి. ముందు సరే అనండి."

"సరే," అన్నాడాయన, పెళ్ళయ్యాక మొదటిసారి.

ఏడు వారాలకి తిరిగొచ్చాడు. అంకె దిగి, ఐదేళ్ళు దిగే ఉంది. ఆరో ఏడు మళ్ళీ పెరిగితే మళ్ళీ వెళ్ళాడు. ఆ వెళ్ళడం మాఘ బహుళ తదియ, గురువారం. పురుషోత్తం తిరిగి రాలేదు.