పక్క మంచం పిన్నిగారు

ఆసుపత్రి మంచం మీద పార్లరమ్మాయి సంచి సర్దుకుంటుంటే, పక్క మంచం పెద్దావిడ కన్ను కొట్టింది.

పార్లరమ్మాయి మొహం చిట్లించింది.

"అపార్థం చేసుకోకు తల్లీ. నా రెప్ప దానంతటదే వాలిపోతుంది. దీని ధర్మమా అని ఓసారి బస్సులో ఓ పెద్దమనిషి నాతోపాటు నా స్టాపులోనే దిగిపోయాడు."

పార్లరమ్మాయికి నవ్వాగలేదు. తన రెప్పలూ మధ్యాహ్నానికల్లా వాలిపోయేవే.

"మీకూ ఇదే జబ్బా పిన్నిగారూ?"

"ఇదే. నరం పిలుస్తుంది, కండ పలకదు. ఏ కొద్దిమందికో వస్తుందట. లాటరీ మాత్రం ఒక్కసారీ తగల్లేదు. ఇంతకీ ప్రయాణం ఎక్కడికి?"

"ఇంటికి. రేపు ఆపరేషన్ అన్నారు. నాకొద్దు."

ఆమెది బ్యూటీ పార్లరు. కొన్ని నెలలుగా దువ్వెన పట్టిన చెయ్యి కస్టమరు తలదాకా లేవడం లేదు. ఛాతీలో ఉన్న ఓ గ్రంథిని తీసేస్తే నయం కావచ్చని డాక్టరు చెప్పారు.

"భయమా?"

"మచ్చంటే భయం. పదిమందికి అందం దిద్దేదాన్ని. నా ఒంటి మీదే కోత ఉంటే నా దగ్గరికెవరొస్తారు?"

పెద్దావిడ మెడ దగ్గర గుండీ విప్పింది. గొంతు కింద మొదలై ఛాతీ మధ్యగా పొడుగాటి గీత.

"జిప్పు. నా మనసులో ఏముందో మా ఆయనకి ఎప్పుడూ తెలిసి చచ్చేది కాదు. తీసి చూసుకోమని పెట్టించా."

పార్లరమ్మాయి పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇంత పెద్దదా?"

"ఇది పాతకాలం కోత. నీకు పక్కటెముకల దగ్గర చిన్న చిన్న గాట్లతో కానిచ్చేస్తారు. అద్దంలో వెతుక్కోవాలి."

"ఆపరేషన్ అయ్యాక మీకు బాగైందా?"

పెద్దావిడ గ్లాసు అందుకుని, ఒక్కో గుక్కా నిదానంగా మింగింది.

"నీతో ఇంతసేపు వాగుతున్నానుగా. నా మాట విని చేయించుకో."

"మరి మీరెందుకొచ్చారు?"

"డాక్టరుగారు నన్ను చూడక బెంగ పెట్టుకున్నారు."

సంచి మంచం కిందికి వెళ్లింది.

ఆపరేషన్ తర్వాత ఆమెను వేరే వార్డులో ఉంచారు. లేచి నడిచి వచ్చేసరికి పెద్దావిడ మంచం ఖాళీగా ఉంది.

నెలలు గడిచేకొద్దీ చెయ్యి లేచింది. ఒకరోజు పెళ్లికూతురికీ, ఆమె అక్కలకీ వరసగా జడలల్లి, కూనిరాగం తీస్తూ ఇంటికి నడిచి వెళ్లింది.

"మందులు తగ్గించేద్దాం. గాట్లు ఎలా ఉన్నాయి?" అన్నారు డాక్టరు, పరీక్షలు చూసి.

"దోమ కుట్టిందా అని అడుగుతున్నారు సార్."

డాక్టరు నవ్వారు.

"సార్, అప్పుడు నా పక్క మంచంలో ఓ పిన్నిగారుండేవారు. ఆవిడ చెప్పబట్టే ఆగాను. ఒకసారి కలవాలి."

"పోయిన వారమే ఊరు మారిపోయారమ్మా. ఇకనుంచి ఆవిడ వైద్యం అక్కడే."

"వైద్యమా? ఆవిడకి ఆపరేషన్‌తో నయమైందిగా?"

డాక్టరు ఆమె ఫైలు మూసి పక్కన పెట్టారు.

"నేను ఈ ఆపరేషన్ మొట్టమొదట చేసింది ఆవిడకే. ఆవిడకి పని చెయ్యలేదు. అయినా ఇక్కడికి వైద్యానికి వచ్చినప్పుడల్లా, ఆపరేషనంటే భయపడేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, తనకి వాళ్ల పక్క మంచమే ఇమ్మని అడిగేవారు."