వెనక్కి తిప్పిన సీటు

యూనివర్సిటీలో అందరూ వాడుకునే సైకిళ్ళవి. దేనికైనా బ్రేకు పోతే, గమనించినవాళ్ళు సీటు వెనక్కి తిప్పి పోవాలి. మెకానిక్ వచ్చేదాకా దాన్నింకెవరూ ముట్టరు. అది విద్యార్థులు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు.

యూనివర్సిటీ ఆసుపత్రిలో, సైకిలు మీంచి పడ్డ చెల్లెలి చేతికి నర్సు కట్టు కడుతుంటే అక్క అగ్గి మీద గుగ్గిలమైంది.

"బ్రేకు లేదని తెలిసి కూడా సీటు తిప్పకుండా పోయాడంటే వాడసలు మనిషేనా? ఒక్క క్షణం పని. ఒళ్ళు వంగలేదు."

"పక్కవాళ్ళ సంగతి ఎవరికి పట్టిందమ్మా" అంది నర్సు.

అక్కకు ఇంకా ఊపొచ్చింది. "దొరకనీండి, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను."

నర్సు కత్తెర కోసం పక్కగదిలోకి వెళ్ళాక చెల్లెలు గొంతు తగ్గించింది.

"ఇక ఆపక్కా. సీటు తిప్పే ఉంది. మంచి సైకిలు ఇంకెవరూ తీసుకోకుండా నువ్వు రోజూ తిప్పి పెట్టుకుంటావుగా. ఇదీ నీదే అనుకుని ఎక్కాను."

అక్క ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురుగా స్టాండులో, పొద్దున తను సీటు తిప్పిపెట్టిన సైకిలు. ఎవరో అమ్మాయి ఆశగా దాని దగ్గరికొచ్చి, సీటు చూసి, క్లాసుకు నడకే పరుగుగా వెళ్ళిపోయింది.

నర్సు తిరిగొచ్చింది. "ఇంతకీ ఆ మహానుభావుడెవరో తెలిసిందా?"

"లేదండీ" అంది చెల్లెలు, అక్క కంటే ముందే.