పడని మందు

మార్చి పన్నెండు, బుధవారం. ఆ పొద్దున ఆమె తిన్నది రెండు ఉడికించిన గుడ్లు.

పంటి డాక్టరుకు ఆ గుడ్లు బాగా అక్కరకొచ్చాయి.

ముందురోజు ఆమె పంటి నరం తీసి, లోపల మందు దూది పెట్టి, పైన సిమెంటుతో మూసింది ఆయనే. ఇవాళ ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చి కూర్చుంది.

"ఏం తిన్నారు?"

"రెండు గుడ్లు, బాబూ."

"ఇంకేం! గుడ్లు పడలేదు."

"దద్దుర్లు రాత్రే లేచాయి. గుడ్లు పొద్దున తిన్నాను."

"అయితే రాత్రి తిన్నదేదో పడలేదు."

ఆ 'బాబూ' ఆయనకు రుచించలేదు. తలకు రంగు వేసుకునే వయసులో ఆ పిలుపేమిటి!

"ఆ దూదిలో ఫార్మలిన్ ఉంది కదూ? వాసన పట్టాను. నాకది పడదు, తీసేయండి."

"వాసన చూసి వైద్యం చెయ్యడం మాకు నేర్పలేదమ్మా."

నర్సు కిసుక్కున నవ్వింది.

"పంటి లోపల చీమ తలకాయంత మందు. అది ఒంట్లోకి ఎలా పాకుతుంది?"

"పాకుతుంది బాబూ. ఒక్కసారి పెద్దాసుపత్రికి రాసిస్తే..."

"డాక్టరు మీరా, నేనా? ఏదీ, నోరు తెరవండి. దూది మారుస్తాను."

పాత దూది తీశాడు. చేతి అలవాటు కొద్దీ అదే సీసాలో కొత్తది ముంచాడు. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. నోటినిండా గాజుగుడ్డ, మాట రాదు. చెయ్యెత్తి వారించింది.

"భయపడకండి" అంటూ ఆయన ఆ చేతిని మెల్లగా దించాడు.

వారం తిరిగింది. క్లినిక్ కట్టేసే వేళకు ఒక అమ్మాయి వచ్చి, అపాయింట్‌మెంట్ చీటీ బల్లమీద పెట్టింది.

"ఈ టైము ఇంకెవరికైనా ఇవ్వండి సార్. అమ్మ పోయింది."

"పోయిందా! ఎలా?"

"ఇక్కణ్ణుంచి ఇంటికి చేరేలోపే గొంతు వాచిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మీ మందే పడలేదని తేల్చారు."

గొడవకే వచ్చిందనుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఆవిడకు... ఆ ఫార్మలిన్ వాసన ఎలా తెలుసమ్మా?"

అమ్మాయి వెళ్ళబోతూ ఆగింది.

"మిమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. మావాడి చేత్తోనే వైద్యం చేయించుకుంటానని ఎంత మురిసిపోయిందో."

"నన్నా?"

"మీరు చదివిన కాలేజీలో ముప్పై ఏళ్ళపాటు ఉత్త చేతులతో శవాలను ఆ మందులో ముంచి తీసి, మీరంతా కోసి నేర్చుకోవడానికి బల్లమీద పడుకోబెట్టింది మా అమ్మే సార్" అని, చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్ళిపోయింది.